గిద్దెడు నూనెకు నలభై చుట్లు

అనగనగనగా, చుట్టుపక్కల ఏడు ఊళ్లకూ నువ్వుల నూనె పోసే ఒక ఊరు. ఆ ఊరి చివర ఒక గానుగ. ఆ గానుగకు ఒక ఎద్దు. ఆ ఎద్దుకు ఒక అమ్మ.

ఎద్దు పేరు పుల్లన్న. అమ్మ పేరు నాంచారమ్మ. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి ఆ గానుగా, ఆ ఎద్దూ. కడుపున పిల్లలు లేరు. పుల్లన్నే పిల్లాడు.

నాంచారమ్మ మంచిది, పని తెలిసిన మనిషి. ఆమెలో ఒక్కటే లోపం. ఎవరినీ వద్దనలేదు. వద్దు అనే మాట గొంతుదాకా వచ్చి, సిగ్గుపడి మళ్లీ కడుపులోకి పోయేది.

అందుకే తెల్లారేసరికి ఆమె గుమ్మం ముందు గిన్నెలు వరస కట్టేవి. రోజూ వచ్చి, వాడిక ప్రకారం గిద్దెడేసి నూనె పట్టుకుపోయే వాళ్లవి. చిలక సింగన్న చిలక చేత చీటీ తీయించి, ఈవేళ నీకు లాభమే అని చెప్పేవాడు. గిద్దెడు నూనె. పాపయ్య వచ్చి ఆమె మామగారి తాతగారి గొప్పలు రాగం తీసి పాడేవాడు. గిద్దెడు. పూలామె గానుగ రోకలికి దండ వేసి పోయేది. గిద్దెడు. తిథి చెప్పేవాడు ఒకడు, వాడు చెప్పిన తిథి తప్పని సరిదిద్దేవాడు ఇంకొకడు. చెరో గిద్దె.

వాళ్లు డబ్బు అడిగి ఉంటే నాంచారమ్మ కూడా కాస్త ఆలోచించేదేమో. కానీ ఎవరూ డబ్బు అడగరు. నూనే కదా. మన గానుగ, మన నూనె, గిద్దెడు దగ్గర చూసుకుంటామా అని తనకు తానే చెప్పుకుని బానలో గిద్దె ముంచేది.

ఎండాకాలం వస్తే ఆ ఊళ్లో గడ్డిపోచ దొరకదు. కిందటేడు పుల్లన్న గానుగ దగ్గరే రెండుసార్లు మోకాళ్ల మీద కూలబడ్డాడు. పశువుల వైద్యం తెలిసిన ముసలాయన వచ్చి చూసి, ఇంకో ఎండాకాలం ఇలాగే కడుపు మాడితే వీడు ఇక లేవడు అని చెప్పి వెళ్లాడు. ఆ మాట నాంచారమ్మ గుండెలో పల్లేరుకాయలా దిగి అక్కడే ఉండిపోయింది.

జొన్నచొప్ప అమ్మే గుండయ్య దగ్గరకు వెళ్లింది. ఆయన ఆమె ఇంట్లో ఉన్న పెద్ద బాన సంగతి ఎరిగినవాడు.

"శివరాత్రి పొద్దుటికి ఆ బాన నిండా నూనె పొయ్యి నాంచారమ్మా. నా చొప్ప వామి మొత్తం నీ దొడ్లో వేయిస్తా. నిండకపోతే మాత్రం నా బండి సంతకు పోతుంది. నన్ను తిట్టుకోకు" అన్నాడు.

గడువు నెల రోజులు. ఆ రోజు నుంచి నాంచారమ్మకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేచేది. లేస్తే బాన దగ్గరకు పోయేది. మూత తీసేది, చూసేది, మూత పెట్టేది. నోట్లో ముద్ద నోట్లో ఉండగానే మళ్లీ పోయి చూసేది. సాయంత్రానికి బానలో నూనె బెత్తెడు పెరిగేది. మర్నాడు పొద్దెక్కేసరికి బెత్తెడుకు కాస్త తక్కువగా తరిగిపోయేది.

మొదట, ఎక్కువ ఆడిస్తే నిండుతుందనుకుంది. కోడి కూయకముందే పుల్లన్నను కాడికి కట్టింది. పుల్లన్న డొక్కలు లోపలికి పోయాయి గాని బాన నిండలేదు.

తర్వాత, బానకు చిల్లు పడిందేమో అనుకుంది. నూనంతా కుండల్లోకి వంపి, బాన నిండా నీళ్లు పోసి, పొద్దస్తమానం దాని చుట్టూ తిరిగింది. చుక్క కారలేదు.

మూడోసారి, దిష్టి తగిలిందనుకుంది. విబూది జగ్గయ్యను పిలిచింది. ఆయన బాన చుట్టూ విబూది చల్లి, రోజూ చల్లాలమ్మా, రోజుకు గిద్దెడు చాలు అన్నాడు. దిష్టి పోయిందో లేదో గాని, గుమ్మం ముందు ఇంకో గిన్నె చేరింది.

శివరాత్రి ఇక పన్నెండు రోజులు. బాన సగం కూడా లేదు.

ఆ పొద్దున నాంచారమ్మ నువ్వులు చెరుగుతూ ఉండగా పుల్లన్న మెడలో గంట ఆగిపోయింది. చేట అక్కడే పడేసి పరుగెత్తింది. పడిపోయాడనే అనుకుంది. పుల్లన్న పడలేదు. కళ్లకు గంతలతో, కాడి కింద నిలబడి ఉన్నాడు. నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, గిద్దెడు నూనెకు నేను ఎన్ని చుట్లు తిరుగుతానో నీకు తెలుసా?"

ఆమెకు తెలియదు. బుద్ధెరిగినప్పటి నుంచి గానుగ దగ్గరే ఉంది గాని, ఆ సంగతి ఒక్కసారీ తలచుకోలేదు.

"అయితే ఒక్క గిద్దెకు నువ్వు తిరిగి చూడు" అన్నాడు పుల్లన్న.

నాంచారమ్మ అతని గంతలు విప్పి, కాడి తన భుజాన పెట్టుకుంది. పది చుట్లకు ఎగశ్వాస వచ్చింది. ఇరవై చుట్లకు భుజం ఒరిసింది. ముప్పైకి నేల గిర్రున తిరిగింది. నలభయ్యో చుట్టుకు గిద్దె నిండింది. ఆ గిద్దె చేతిలో పెట్టుకుని అక్కడే కూలబడింది.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర సింగన్న కేక వేశాడు. అక్కా, చిలక ఎదురుచూస్తోంది, త్వరగా రావాలని.

నాంచారమ్మ గిద్దె వంక చూసింది. అందులో నూనె కనపడలేదు. నలభై చుట్లు కనపడ్డాయి. పుల్లన్న మెడ మీద కాడి ఒరిసిన పుండు కనపడింది. చేతిలోని గంతల వంక చూసుకుంది. ఇవి ఎద్దుకు కట్టాననే అనుకున్నాను ఇన్నాళ్లూ అనుకుంది.

ఆ పూటకు సింగన్నకు పోసి పంపింది, వద్దనే నోరు లేక. ఇక ఆ రోజంతా గానుగకూ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది. వద్దని చెప్పకుండా వద్దనడం ఎలాగ? పొద్దువాలేసరికి దారి దొరికింది.

మర్నాడు గిన్నెలు రాగానే, ఆమె తలుపు వారగా తీసి, తల వంచుకుని చెప్పింది.

"నూనె లేదనను తమ్ముడూ. పుల్లన్నకు ఒంట్లో బాగా లేదు. కాడి అదిగో. గిద్దెకు నలభై చుట్లు. తిరిగి పట్టుకుపో."

సింగన్న కాడి వంక చూశాడు. చిలక వంక చూశాడు. చిలకను అడిగి చెబుతానని చీటీ తీయించాడు. ఈవేళ ప్రయాణం మంచిదని వచ్చిందట. ప్రయాణమైపోయాడు.

పాపయ్య వెనక్కు తగ్గలేదు. పై పంచె బిగించి కాడి ఎత్తుకున్నాడు. మూడు చుట్లు పాడుతూ తిరిగాడు. మరో మూడు పాట లేకుండా తిరిగాడు. ఏడో చుట్టులో కూర్చుండిపోయి, మీ మామగారి తాతగారు మహానుభావుడే గాని ఇది మనుషులు చేసే పని కాదమ్మా అన్నాడు. నాంచారమ్మ ఏడు చుట్లకు వచ్చే నాలుగు బొట్లూ ఆయన గిన్నెలో పోసి పంపింది. తిథులవాళ్లిద్దరూ, కాడి మోయడానికి ఏ తిథి మంచిదో తేలక, వాదించుకుంటూ వీధి మలుపు తిరిగారు. పూలామె, విబూది జగ్గయ్య ఆ వాదన వినడానికే పోయినట్టు వాళ్ల వెనకే పోయారు.

చివరికి, రోజూ వరసలో ఆఖరున నిలబడే చెన్నమ్మవ్వ మిగిలింది. ఆ ముసలమ్మ తన గిద్దెడు నూనెతో ఏటి రేవులో దీపం పెట్టేది. పొద్దుగూకాక వచ్చే పడవకు ఒడ్డు ఆనవాలు ఆ దీపమే. అవ్వ గిన్నె కింద పెట్టి, కొంగు బిగించి, పుల్లలాంటి భుజాన్ని కాడి కింద పెట్టింది.

నాంచారమ్మ గబుక్కున వెళ్లి పట్టుకుంది.

"నువ్వు తప్పుకో అవ్వా. నీ నలభై నేను తిరుగుతా."

ఆ రోజే కాదు, శివరాత్రి వరకూ రోజూ తిరిగింది.

బావి దగ్గర సింగన్న, నాంచారమ్మకు పిసినిగొట్టుతనం పట్టుకుందని, చచ్చేటప్పుడు బాన మెడకు కట్టుకుపోతుందని అందరికీ చెప్పాడు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమెకు అన్నం దిగలేదు. పిలిచి గిద్దెడు పోస్తే పోలా అని రెండుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్లింది. రెండుసార్లూ వెనక పుల్లన్న గంట వినపడి తిరిగి వచ్చింది.

శివరాత్రి పొద్దున గుండయ్య చొప్ప బండి ఇంటి ముందు ఆగింది. నాంచారమ్మ మూత తీసింది. బాన అంచుకు గిద్దెడు తక్కువ. గుండయ్య ఎండ వంక చూశాడు. సంతకు పొద్దుపోతోందని దాని అర్థం.

నాంచారమ్మ కాడి దగ్గరకు పరుగెత్తింది. అప్పటికే పుల్లన్న తానే వచ్చి కాడి కింద మెడ పెట్టి ఉన్నాడు. గంతలు లేవు. ఒక పక్క ఎద్దు, ఒక పక్క అమ్మ. నలభై చుట్లు తిరిగారు. ఆ గిద్దె పోసేసరికి నూనె బాన అంచును తాకి, పొంగకుండా నిలిచింది.

గుండయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుని, బండి మోకులు విప్పండ్రా అన్నాడు.

ఆ ఎండాకాలం పుల్లన్న ఒక్కసారీ మోకాళ్ల మీద పడలేదు. నాంచారమ్మకు మాత్రం బాన మూత తీసి చూసే అలవాటు పోలేదు. రేవులో దీపం ఒక్క పూటా ఆరలేదు.

కాబట్టి పిల్లలూ, ఇచ్చే ముందూ, ఖర్చు పెట్టే ముందూ, దాని వెనక ఎన్ని చుట్లున్నాయో చూసుకోండి. ఆ చుట్లకు తగిన దానికి గిద్దె నిండా పోయండి, తగని దానికి గిద్దె బోర్లించండి.