జున్నమ్మ గిన్నె కదపకండి

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా బోసినోళ్ళతో పాకే రోజుల్లో, ఒక రాజు. కుంకుమపురి రాజు భూరిసేనుడు. ఆయన మీసం మీద నిమ్మకాయ నిలిచేది, ఆయన మాట మీద రాజ్యం నిలిచేది. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు, కత్తి తిప్పితే గాలి తెగేది. నడిమివాడు వీరసేనుడు, బాణం వేస్తే ఆకు కాడ తెగేది. చిన్నవాడు మృదుసేనుడు, వాడు ఏం తిప్పినా ఏదీ తెగేది కాదు. వాడికి వచ్చిన విద్య ఒక్కటే, ముసలిపిల్లికి సేవ చెయ్యడం.

నవ్వకండి. అది అల్లాటప్పా పిల్లి కాదు. పేరు జున్నమ్మ, ఒళ్ళు జున్నుముక్క రంగు. వయసులో ఉన్నప్పుడు కోట గాదెల్లో ఎలుక అన్న మాట వినబడనిచ్చేది కాదు. రాణిగారు కన్నుమూసే ముందు చిన్నకొడుకును పిలిచి, "నాయనా, మీ అన్నలు తమను తాము చూసుకుంటారు. నాన్నగారిని రాజ్యం చూసుకుంటుంది. జున్నమ్మకే ఎవరూ లేరు. కడదాకా నువ్వే చూసుకో" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఏళ్ళు గడిచాయి. జున్నమ్మ పళ్ళు రాలాయి, నడుము వంగింది, చివరికి రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మి చూపు పోయింది. పాపం, ఆ మొదటిరోజు ఎదురుగా ఉన్న పాలగిన్నెను దాటిపోయి గోడకు తల కొట్టుకుంది. మృదుసేనుడు ఏడ్చాడు. ఏడ్చి ఊరుకోలేదు. ఒక గుడ్డ తెచ్చి తన కళ్ళకు గట్టిగా కట్టుకున్నాడు, మూడు రోజులు విప్పలేదు. మొదటిరోజు గడపలన్నీ తన్నుకున్నాడు. రెండోరోజు గోడ తడుముకుంటూ నడిచాడు. మూడోరోజు అడుగులు లెక్కపెట్టుకుంటూ దర్జాగా తిరిగాడు. అంతలో దాసి కూజాను జానెడు పక్కకు జరిపింది. వాడు కూజా మీద పడ్డాడు, నీళ్ళు నెత్తిన పడ్డాయి.

అన్నలిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తడిసిన గుడ్డ విప్పుకుంటూ మృదుసేనుడు మాత్రం, "ఇప్పుడు తెలిసింది. చూపు లేనివాళ్ళకు ఇల్లే కన్ను. ఇల్లు కదిపితే కన్ను పొడిచినట్టే" అన్నాడు.

ఆనాటి నుంచి జున్నమ్మ పాలగిన్నె ఉన్నచోటే ఉండేది. ఇసుకతట్ట ఉన్నచోటే ఉండేది. పడుకునే పాతచాప ఎండ పడే గడప పక్కనే ఉండేది. దాన్ని ముట్టుకునే ముందు వాడు నేల మీద మూడుసార్లు తట్టి, "జున్నమ్మా, నేనే. వస్తున్నాను" అనేవాడు. చేపముక్కలో ముళ్ళన్నీ తనే తీసి పెట్టేవాడు. ఆ కాలంలో పిల్లులు మాట్లాడేవి లెండి. ఇప్పుడూ మాట్లాడతాయి, వినే ఓపిక మనకే లేదు. జున్నమ్మ ఆ చేప తిని, మూతి తుడుచుకుని, "ఉప్పు తక్కువైంది నాయనా" అనేది.

ఒకరోజు పొద్దున్నే రాజుగారు కొలువుకు వస్తూ వస్తూ జున్నమ్మ మీద తూలిపడ్డారు. కిరీటం దొర్లుకుంటూ మంత్రిగారి కాళ్ళ దగ్గరికి పోయింది. రాజుగారి మొహం కందగడ్డ అయింది.

"ఈ గుడ్డిపిల్లి నా కాళ్ళకు అడ్డం పడింది! గోనెసంచిలో కట్టి ఏటి అవతల వదిలి రండి!" అన్నారు.

కొలువంతా తల ఊపింది. మృదుసేనుడు ఊపలేదు. జున్నమ్మ తన చాప మీదే ఉంది, అంగుళమైనా కదల్లేదు. కదిలి వచ్చింది రాజుగారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం! వాడు ఆరోజంతా తండ్రిని గమనించాడు. నడిచేటప్పుడు ఆయన ఉంగరం గోడకు గీసుకుంటోంది. గడప వచ్చిందంటే పాదం ఆగి, నేలను తడిమి, అప్పుడు దాటుతోంది. నోట్లో ఏవో అంకెలు గొణుగుతున్నారు. ఇదంతా వాడికి బాగా తెలిసిన నడకే.

సాయంత్రం తండ్రి గదికి వెళ్ళి నెమ్మదిగా అడిగాడు. "నాన్నగారూ, మీకు చూపు తగ్గి ఎన్నాళ్ళయింది?"

రాజుగారు కేక వెయ్యబోయి ఆగిపోయారు. మీసం కిందికి వాలింది. "ఏడాది అయిందిరా. ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. ఎవరికీ చెప్పకు. చూపులేని రాజు మాట ఎవరు వింటారు?"

"వైద్యులకన్నా చెప్పాలి కదా."

చెప్పారు. ముసలి రాజవైద్యుడు తల గోక్కుని, "దీనికి మందు ఒక్కటే. ఏడు సముద్రాల అవతల పొగదీవిలో ధూమాక్షుడనే మాంత్రికుడి దగ్గర, శంఖంలో దాచిన వెలుగుమందు ఉంది. వెళ్ళినవాళ్ళు చాలామంది. వచ్చినవాళ్ళు లేరు" అన్నాడు.

రాజుగారు ముగ్గురు కొడుకులనూ పిలిచి ఉన్నమాట చెప్పేశారు. "మందు తెచ్చినవాడిదే సింహాసనం."

"నాకు సింహాసనం వద్దు నాన్నగారూ. మందు తెస్తే జున్నమ్మను కోటలో ఉండనివ్వండి" అన్నాడు మృదుసేనుడు.

"తెచ్చిన తరవాత మాట. అందాకా ఆ పిల్లి నా కోటలో ఉండకూడదు" అన్నారు రాజుగారు. పట్టుదలలో ఆయన పట్టుదలే వేరు.

అన్నలిద్దరూ వంద కాగడాలు వేసుకుని బంగారు ఓడలో బయల్దేరారు. మృదుసేనుడు ఒక వెదురుబుట్టలో పాతచాప పరిచి, కుడిపక్కన పాలగిన్నె పెట్టి, నేల మీద మూడుసార్లు తట్టి, జున్నమ్మను అందులో కూర్చోబెట్టాడు. "కోట పోతేనేం, నీ ఇల్లు నీతోనే వస్తుంది" అన్నాడు.

సముద్రపు ఒడ్డున పెద్ద నల్లబండ ఒకటి ఉంది. దాని మీద బూడిద, మాడిన అన్నం మెతుకులు. మృదుసేనుడికి అలవాటే కదా, బండ మీద మూడుసార్లు తట్టి, "నేనే. అడుగు పెడుతున్నాను" అన్నాడు. బండ కళ్ళు తెరిచింది. అది బండ కాదు, తాబేలు!

"మూడువందల ఏళ్ళుగా అందరూ నా మీద ఎక్కేవాళ్ళే. మొన్న ఇద్దరు రాకుమారులు పొయ్యి పెట్టి వంట కూడా చేశారు. వస్తున్నానని చెప్పినవాడివి నువ్వే. ఎక్కడికి పోవాలి?" అంది తాబేలు.

అలా ఎక్కి ఒక సముద్రం దాటారు, బుట్ట కదల్లేదు. రెండో సముద్రం దాటారు, గిన్నె కదల్లేదు. మూడు దాటారు, నాలుగు దాటారు, ఏడూ దాటారు. దారిలో తాబేలు చేపలు పట్టి ఇచ్చేది, వాడు ముళ్ళు తీసి పెట్టేవాడు. జున్నమ్మ తిని, "ఇప్పుడు ఉప్పు ఎక్కువైంది" అనేది.

పొగదీవిలో పట్టపగలే చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. అన్నల కాగడాలు ఒడ్డునే ఆరిపోయి పడి ఉన్నాయి. అన్నలు మాత్రం లేరు. మృదుసేనుడికి భయం వెయ్యలేదు. మూడు రోజులు కళ్ళకు గుడ్డ కట్టుకున్నవాడికి పొగ ఒక లెక్కా? జున్నమ్మను కిందికి దింపాడు. అది మీసాలు ముందుకు చాచి, వాసన పట్టి, కోటలో నడిచినట్టే నడిచింది. దాని తోక పట్టుకుని వాడు వెనకే నడిచాడు. అలా మాంత్రికుడి మందిరంలోకి వచ్చారు.

"ఎవరో గానీ అక్కడే ఆగండి. రెండడుగుల ముందు స్తంభం ఉంది" అంది ఒక ఆడగొంతు.

తను పొగలో ఉన్నా వచ్చేవాళ్ళకు దెబ్బ తగలకూడదని ముందే చెప్పిన ఆ మాటకే మృదుసేనుడి మనసు కరిగింది. ఆమె పేరు కువలయ. ధూమాక్షుడు ఎత్తుకొచ్చిన రాకుమారి. కదిలితే తెలియాలని కాళ్ళకు గజ్జెలు వేసి తాళం పెట్టాడు.

"వాడి ప్రాణం చిలకలో ఉంది. శంఖం వాడి మెడలో ఉంటుంది. ఏడో స్తంభానికి చిలక పంజరం, దానికి ఇటు మంత్రజలం కుండ, ఇంకా ఇటు పీట. రోజూ పీట మీద కూర్చుని, కుండలో చెయ్యి ముంచి, చిలకకు జామపండు పెడతాడు. ఈ పొగలో వాడికి ఒక్కడికే అన్నీ కనిపిస్తాయి. దాక్కోండి, వస్తున్నాడు!" అంది కువలయ గుసగుసగా.

దాక్కోవడానికి వేళ లేదు. మృదుసేనుడు జున్నమ్మను ఎత్తుకుని అలాగే నిలబడిపోయాడు. అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. గోడకు ఉంగరం గీసుకుంటున్న చప్పుడు. గడప దగ్గర పాదం ఆగి, నేలను తడిమిన చప్పుడు. "తొమ్మిది, పది, పదకొండు" అని గొణుగుడు. మాంత్రికుడి అంగీ అంచు మృదుసేనుడి మోకాలికి తగులుతూ వెళ్ళిపోయింది. అయినా వాడు ఆగలేదు.

"జున్నమ్మా, విన్నావా?" అన్నాడు మృదుసేనుడు దాని చెవిలో.

"వినకేం. వీడూ మనవాడే నాయనా" అంది జున్నమ్మ.

మాంత్రికుడు చిలకకు పండు పెట్టి వెళ్ళిపోయాక మృదుసేనుడు పనిలోకి దిగాడు. పుట్టి బుద్ధెరిగాక చూపులేనివాళ్ళ ఇంట్లో వాడు పుల్ల కూడా కదపలేదు. ఇప్పుడు కదపాలి. మనసుకు కష్టంగానే ఉంది, కానీ కువలయ గజ్జెలు గుర్తొచ్చాయి. జున్నమ్మ వాసన పట్టి దారి చూపింది. నిద్రపోయే పిల్లి పక్కన తిరిగి తిరిగి అలవాటైన అడుగులు కాబట్టి ఒక్క చప్పుడు లేదు. పీటను రెండడుగులు ముందుకు జరిపాడు. కుండను మూడడుగులు పక్కకు జరిపాడు. చిలక పంజరాన్ని కొక్కెం నుంచి తీసి చంకన పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ధూమాక్షుడు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పీట తన్నుకుని బోర్లా పడ్డాడు. "ఎవడురా!" అని మంత్రజలం కోసం చెయ్యి ముంచబోతే చెయ్యి నేలకు కొట్టుకుంది. ఏడో స్తంభం దాకా పాకి పైకి తడిమితే ఖాళీ కొక్కెం తగిలింది.

"నా చిలక! నా చిలక ఏది?"

"నా చంకలో ఉంది. క్షేమంగానే ఉంది. కువలయ తాళంచెవి ఇవ్వు. శంఖం ఇవ్వు. పొగ ఆర్పు" అన్నాడు మృదుసేనుడు.

చేసేదేముంది? ఇచ్చాడు, ఇచ్చాడు, ఆర్పాడు. పొగ విడిపోయి వందేళ్ళ తరవాత ఆ దీవి మీద ఎండ పడింది. చూస్తే ధూమాక్షుడి కళ్ళు రెండూ గవ్వల్లా తెల్లగా ఉన్నాయి. చూస్తే, పెద్దన్నా నడిపన్నా ఒకే స్తంభానికి చెరో పక్కన, నెలరోజులుగా ఒకరినొకరు వెతుక్కుంటూ గుండ్రంగా తిరుగుతున్నారు!

"నాకు చూపు లేదని వందేళ్ళలో ఎవడూ కనిపెట్టలేదు. నీకెలా తెలిసింది?" అన్నాడు ధూమాక్షుడు.

"మా ఇంట్లో ఇద్దరున్నారు" అన్నాడు మృదుసేనుడు. "మందు నీ దగ్గరే ఉంది కదా, ఎందుకు వేసుకోలేదు?"

"నా చేత్తో నేను వేసుకుంటే పనిచెయ్యదు. నా మేలు కోరే చెయ్యి వెయ్యాలి. అందుకే రాకుమారిని తెచ్చుకున్నాను."

"ఏడిపించి తెచ్చుకున్న చెయ్యి మేలెలా కోరుతుంది?" అంది కువలయ. ముసలాడు తల దించుకున్నాడు.

"చిలకను మా ఇంటికి తీసుకుపోతాను. నువ్వు బుద్ధిగా ఉన్నన్నాళ్ళు వేళకు జామపండు పెడతాను" అని చెప్పి మృదుసేనుడు అన్నలనూ కువలయనూ వెంటబెట్టుకుని బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. పీట తీసి దాని చోట పెట్టాడు. కుండ తీసి దాని చోట పెట్టాడు. "అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి తాతా, నడువు" అన్నాడు.

అదంతా కువలయ చూస్తూనే ఉంది. తాబేలు మీద ఎక్కాక, "జున్నమ్మ గిన్నె ఏ పక్కన పెట్టాలి?" అని అడిగింది. పెళ్ళి అక్కడే ఖాయమైందని తాబేలు ఇప్పటికీ చెబుతుంది.

కుంకుమపురి కొలువులో అందరి ముందూ శంఖం మూత తీశారు. లోపల రెండే రెండు చుక్కలున్నాయి. ఒక ప్రాణి రెండు కళ్ళకే సరి! ఒక పక్క కన్నతండ్రి, ఒక పక్క అమ్మ అప్పగించిన జున్నమ్మ. మృదుసేనుడు శంఖం పట్టుకుని ఎటూ అడుగు వెయ్యలేకపోయాడు.

"ఎందుకురా ఆగిపోయావు? మీ నాన్నకే వెయ్యి" అంది బుట్టలోంచి జున్నమ్మ. "నా గిన్నె ఎక్కడుందో నాకు తెలుసు. నువ్వు ఎప్పుడొస్తావో చెప్పి వస్తావు. నాకేం తక్కువ? పాపం, ఆయన ఇంట్లో రోజుకొకరు రోజుకొకటి జరుపుతారు."

మృదుసేనుడు కన్నీళ్ళు తుడుచుకుని తండ్రి కళ్ళల్లో రెండు చుక్కలూ వేశాడు. రాజుగారు రెప్పలు ఆర్పారు. ముందు వెలుగు కనబడింది, తరవాత చిన్నకొడుకు కనబడ్డాడు. తరవాత వెదురుబుట్టలోంచి, తన వైపుకు తిరిగి ఉన్న రెండు తెల్లటి కళ్ళు కనబడ్డాయి.

అంత రాజూ సింహాసనం దిగాడు. బుట్టను ఎత్తుకోబోయి, ఏదో గుర్తొచ్చి ఆగాడు. మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద మూడుసార్లు తట్టాడు.

"జున్నమ్మా, నేనే. వస్తున్నాను."

"రండి మహారాజా. ఈసారి చూసి నడవండి" అంది జున్నమ్మ.

కొలువంతా పగలబడి నవ్వింది. రాజుగారు నవ్వుతూనే ఏడ్చేశారు. స్వయంగా తన చేత్తో పాతచాపను ఎండ పడే గడప పక్కన, మునుపు ఉన్నచోటే పరిచారు. ఏడురోజుల పెళ్ళి చేసి మృదుసేనుడినీ కువలయనూ సింహాసనం మీద కూర్చోబెట్టారు. వాళ్ళు అరవై ఏళ్ళు ఏలారు. ఆ అరవై ఏళ్ళలో రాజ్యం పెరిగింది, కోట పెరిగింది, చిలక జామపళ్ళు తిని లావెక్కింది. ఆ గడప పక్కన మాత్రం పుల్ల కూడా ఎవరూ కదపలేదు.

ఇక కథ తన దారిన కంచికి పోతుంది, మీరు మీ ఇళ్ళకు పొండి. పోయేముందు ఆ పీట తీసిన చోటే పెట్టండర్రా, మా ముసలిపిల్లి ఇంకా పాలు తాగలేదు.