బయట కొన్న బ్రేకు పైపు

విజయనగరంలో ఒక కార్ల షోరూములో విడిభాగాల కౌంటరు చూసే నీలాద్రికి పని ఎంత బాగా వచ్చో, రోషం కూడా అంత బాగా వచ్చేది. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఏ కారుకి ఏ నట్టు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. పెద్దవాళ్ళు వస్తే లేచి కుర్చీ వేసేవాడు. కానీ ఎవరైనా తన దగ్గర ధర అడిగి వెళ్ళి, అదే సామాను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారని తెలిస్తే మాత్రం అతని ముఖం మాడిపోయేది.

అలా తెప్పించుకునేవాళ్ళు రోజురోజుకీ ఎక్కువవుతూ ఉండేవాళ్ళు. వాళ్ళని తప్పు పట్టలేం. షోరూములో చల్లటి ఏసీ ఉంటుంది, మెత్తటి సోఫా ఉంటుంది, వెళ్ళగానే కాఫీ ఇస్తారు. ఆ కాఫీ ఊరికే వచ్చిందని మనం అనుకుంటాం గానీ, దాని ఖరీదు మనం కొనే అద్దంలోనో బల్బులోనో ఎక్కడో ఒకచోట కలిసే ఉంటుంది. ఆన్‌లైన్‌లో సోఫా లేదు, కాఫీ లేదు, అందుకని ధర తక్కువ. ఇది నీ బండికి పడదు నాయనా అని చెప్పే మనిషి కూడా అక్కడ లేడు. ఆ సంగతి కొనేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

నీలాద్రి బాధ ధర గురించి కాదు. సామాను అమ్ముడుపోయినా పోకపోయినా అతని జీతం అతనికి వస్తుంది. తను కంప్యూటరులో విడిభాగాల బొమ్మలన్నీ వెతికి, ఆ బండికి సరిపోయే సామాను నంబరు తీసి ఇస్తే, ఆ నంబరు పట్టుకుపోయి ఇంకెక్కడో కొంటారు. కొన్నదాన్ని మళ్ళీ తన దగ్గరికే తెచ్చి బిగించమంటారు. అదీ అతని బాధ. అప్పుడతను "బయట కొన్నది మేం ముట్టుకోమండీ" అని తల తిప్పేసుకునేవాడు. షోరూము నియమం కూడా అదే. అందువల్ల అతని రోషాన్ని ఎవరూ రోషమని గుర్తుపట్టలేదు. అతను కూడా గుర్తుపట్టలేదు.

ఒకరోజు ఆ కౌంటరు దగ్గరికి వరహాలమ్మ అనే ఆవిడ వచ్చింది. అక్కడివాళ్ళు కోట అని పిలిచే శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే ఒక గూడెం ఆమెది. భర్తకి చూపు మందగించాక, అతని వ్యానుని తనే నడపడం నేర్చుకుంది. గూడెం పిల్లల్ని పొద్దున్నే కొండ దింపి కోటలో బడికి చేర్చేది. సాయంత్రం మళ్ళీ కొండ మీదికి తీసుకెళ్ళేది. ఈ సంగతి నీలాద్రికి తెలియదు. అతనికి ఆవిడ ధర అడగడానికి వచ్చిన మరో మనిషి, అంతే.

వ్యాను ముందు చక్రం దగ్గర బ్రేకు పైపు పగుళ్ళిచ్చింది. అది మార్చేదాకా పిల్లల్ని ఎక్కించుకుని కొండ ఎక్కవద్దని కోటలో మెకానిక్ చెప్పాడు. నీలాద్రి ఓపిగ్గా బండి మోడలు అడిగాడు, బొమ్మలు వెతికాడు, నంబరు తీశాడు, ధర చెప్పాడు. ధర విని వరహాలమ్మ సంచిలో డబ్బు లెక్కపెట్టుకుంది. ఏమైనా తగ్గుతుందా అని అడిగింది. కంపెనీ ధర అమ్మా, నా చేతుల్లో లేదన్నాడు. అది నిజమే. ఆవిడ నంబరు రాయించుకుని, ఆలోచించుకుని వస్తానని వెళ్ళిపోయింది.

కొద్దిరోజుల తర్వాత పొద్దున్నే ఆవిడ మళ్ళీ వచ్చింది. ఖాళీ వ్యానుని మెల్లగా నడుపుకుంటూ తెచ్చి షోరూము బయట పెట్టింది. ఆవిడ చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. అందులోది ఆన్‌లైన్‌లో తెప్పించిన బ్రేకు పైపు. సగం ధరకే వచ్చిందని దాచుకోకుండా చెప్పింది. కాస్త బిగించి పెట్టమని అడిగింది.

నీలాద్రి పైపు వైపు ఒక్కసారి చూశాడు. అది ఆ బండిది కాదు. ఆ నంబరు కింద ఆన్‌లైన్‌వాళ్ళు పంపింది అదే వ్యాను పాత మోడలుది. రెండింటికీ మరలు ఒకేలా ఉంటాయి కాబట్టి బిగిస్తే బిగుసుకుంటుంది. పొడవే నాలుగు వేళ్ళు తక్కువ. తిన్నటి రోడ్డు మీద ఏమీ కాదు. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం పైపు సాగి బిగుస్తుంది. కొండ మలుపుల్లో అలా తిప్పగా తిప్పగా ఏదో ఒకరోజు తెగుతుంది. ఇదంతా అతనికి ఒక్క చూపులో తెలిసిపోయింది.

కానీ అంతకన్నా ముందు కోపం వచ్చేసింది. నంబరు నేను వెతికి ఇస్తే, సొమ్ము వేరేవాడికా అనుకున్నాడు. బయట కొన్నది ముట్టుకోమని ఎప్పటి మాటే చెప్పాడు.

వరహాలమ్మ నొచ్చుకోలేదు. పైపుని అతని ముందు పెట్టింది.

"పోనీలే బాబూ, కోటలో బిగించుకుంటాను. ఇది నా బండిదో కాదో ఒక్కపాలి సూసి సెప్పు, సాలు."

నీలాద్రి కంప్యూటరు వైపు తిరిగాడు.

"ఎక్కడ కొన్నారో వాళ్ళనే అడగండమ్మా."

ఆవిడ అలాగే బాబూ అని పైపు తీసుకుని వెళ్ళిపోయింది. నీలాద్రికి ఆ పూటంతా మనసు హాయిగానే ఉంది. తను అబద్ధం చెప్పలేదు కదా.

మధ్యాహ్నం పొద్దు వాలాక అన్నానికి కూర్చున్నాడు. షోరూము కాపలాదారు బంగారయ్య తన క్యారేజీ తెచ్చుకుని పక్కన చేరాడు. అతనిదీ ఆ గూడెమే. పొద్దున వ్యానుని చూశాడు గానీ గేటు వదిలి రాలేకపోయాడు. అన్నం కలుపుకుంటూ అడిగాడు.

"వరాలమ్మ బండి బాగయిపోయిందా బాబూ? పిల్లలు ఇన్నాళ్ళూ జీపులకి యేలాడుకుంటూ బడికెల్తన్నారు. మా మనవరాలు కూడా ఆ బండిలోదే. ఇయ్యాల సాయంత్రం నుంచి మళ్ళీ ఎక్కించుకుంటానని సెప్పిందంట."

నీలాద్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏమైంది బాబూ అని బంగారయ్య అడుగుతూ ఉండగానే చెయ్యి కడిగేసుకున్నాడు. బంగారయ్య దగ్గర ఆవిడ ఫోను నంబరు తీసుకుని చేశాడు. ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఆవిడ ఫోను ముట్టుకోదని బంగారయ్య మెచ్చుకోలుగా చెప్పాడు. నీలాద్రి కౌంటరులోకి పరుగెత్తి, సరైన పైపు తన పేరున బిల్లు వేసి తీసుకుని, స్కూటరెక్కాడు.

కోటకి చేరేసరికి సాయంత్రమైంది. అక్కడి మెకానిక్ అప్పటికే ఆ పొట్టి పైపు బిగించేశాడు. మరలు సరిపోయాయి కాబట్టి అతనికి అనుమానం రాలేదు. వరహాలమ్మ బడికి వెళ్ళిపోయిందన్నాడు. నీలాద్రి అతన్ని పనిముట్లు తీసుకుని వెనకాలే రమ్మని బడికి పరుగుతీశాడు. బడి వదిలేశారు. వ్యాను వెళ్ళిపోయింది. స్కూటరు కొండ వైపు తిప్పాడు. దారంతా ఆ నాలుగు వేళ్ళ పొడవే అతని కళ్ళ ముందు ఆడింది. దేవుడా, మొదటి మలుపు దాకా వెళ్ళనివ్వకు అని పైకే మొక్కుకున్నాడు.

ఘాట్ మొదట్లో రోడ్డు పక్కన అమ్మవారి చిన్న గుడి ఉంది. కొండ ఎక్కే బండి ఏదైనా సరే, అక్కడ ఆగి దణ్ణం పెట్టుకోనిదే ముందుకు కదలదు. వ్యాను అక్కడే ఆగి ఉంది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు. వరహాలమ్మ బొట్టు పెట్టుకుని బండి ఎక్కబోతోంది. నీలాద్రి స్కూటరు తీసుకెళ్ళి వ్యాను ముందు అడ్డంగా పెట్టాడు.

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. అతను పిల్లల్ని దింపించాడు. ఆవిణ్ణి చక్రం దగ్గర కూర్చోబెట్టి, తను ఎక్కి స్టీరింగు చివరిదాకా తిప్పాడు. పైపు బట్టలారేసే తాడులా బిర్రుగా లాగుకుంది. వరహాలమ్మ దాన్ని వేలితో తాకి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంతదూరం వచ్చి కాపాడావని ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయింది. నీలాద్రి ఊరుకుంటే ఆ దణ్ణం అతనిదే అయ్యేది. ఇప్పుడే గుర్తొచ్చిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అతను అలా అనలేకపోయాడు.

"దణ్ణం పెట్టకమ్మా. ఇది నీ బండిది కాదని పొద్దున్నే నాకు తెలుసు. బయట కొన్నావన్న కోపంతో చెప్పలేదు."

వరహాలమ్మ చేతులు దించేసింది. పిల్లల వైపు చూసింది. వాళ్ళు అప్పుడే రోడ్డు పక్కన నేరేడు చెట్టు కింద పళ్ళు ఏరుకుంటున్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట నీలాద్రికి ఎక్కువగా తగిలింది.

"నాను సగం ధరకొచ్చిందని సంబరపడిపోనాను. నువ్వు కోపమొచ్చి నోరు మూసుకున్నావు. మజ్జిన ఈ పిల్లలేటి సేసినారు బాబూ?"

నీలాద్రి తను తెచ్చిన పైపు తీసి చక్రం దగ్గర పెట్టాడు. మెకానిక్ వచ్చి పైపు మార్చడం మొదలుపెడితే, అతను కూడా చొక్కా చేతులు మడిచి కింద కూర్చుని సాయం చేశాడు. పొట్టి పైపుని ఇంకెవరూ వాడకుండా మెకానిక్ రెండు ముక్కలు చేసి పారేశాడు. బంగారయ్య మనవరాలు గంగ అందరికన్నా చిన్నది. అది వచ్చి, బండి బాగుచేస్తున్న మామకి ఇవ్వాలని నీలాద్రి చేతిలో నాలుగు నేరేడు పళ్ళు పెట్టింది. ఆ పళ్ళు చూసి అతనికి ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఏడవకూడదని వాటిని గబగబా నోట్లో వేసుకున్నాడు.

పని అయ్యాక వరహాలమ్మ పైపు ఖరీదు ఇచ్చేస్తానంది. అతను వద్దంటే ఒప్పుకోలేదు. తన బండి బ్రేకుకి తనే డబ్బు పెట్టుకోవాలంది. నీలాద్రి తీసుకున్నాడు. ఇకమీదట సీటు కవర్లు, తివాచీలు, వైపర్లు ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడే కొనుక్కోమనీ, బ్రేకుకీ స్టీరింగుకీ సంబంధించినది ఏది ఎక్కడ కొన్నా బిగించే ముందు తనకి చూపించమనీ చెప్పాడు. ఆవిడ తలూపింది. పిల్లలందరూ ఎక్కారో లేదో చూసుకుని బండి తీసింది. మొదటి మలుపులో వ్యాను నెమ్మదిగా తిరిగి కనుమరుగయ్యేదాకా నీలాద్రి అక్కడే నిలబడ్డాడు.

మర్నాటి నుంచి అతని రోషం పోయిందనుకోకండి. అంత తొందరగా పోయేదైతే దాన్ని రోషం అనరు. ఎవరైనా అట్టపెట్టెతో వస్తే ఇప్పటికీ అతని ముఖం మాడుతుంది. కానీ వెంటనే చెయ్యి చాపుతాడు. "మేం బిగించమండీ. ఇలా ఇవ్వండి, మీ బండిదో కాదో చూసి చెప్తాను" అంటాడు. చూసి ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. కొందరు ఆ తర్వాత అతని దగ్గరే కొంటారు, కొందరు మళ్ళీ ఫోనులోనే కొంటారు. వీళ్ళూ వాళ్ళూ క్షేమంగా ఇళ్ళకి చేరుతున్నారు.

నీతి: మన దగ్గర కొన్నా కొనకపోయినా, ఎదుటివాళ్ళకి పొంచి ఉన్న ప్రమాదం మనకు తెలిస్తే చెప్పి తీరాలి; రోషంతో నిజాన్ని దాచడం అబద్ధం చెప్పడంతో సమానం.