మసేనమ్మ గీసిన గీత

“దారులు మూడున్నాయని రోగికి చెప్పి, నీకు నచ్చింది ఎంచుకో అనడం న్యాయమేనా సార్? ఏది మంచిదో మనకు తెలుసు. తెలిసినవాళ్లం మనం నిర్ణయించక, తెలియనివాళ్ల నెత్తిన ఆ బరువు పెట్టడమేమిటి?”

డాక్టర్ కౌముది ఈ ప్రశ్న అడిగినప్పుడు పరాంకుశం గారు టీలో బిస్కట్టు ముంచుతున్నారు. మా ఆస్పత్రిలో పోయిన అవయవాలకు రూపం కట్టే ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి ఆయన పెద్ద. కౌముది ఆయన దగ్గర చివరి సంవత్సరం చదువుతున్న శిష్యురాలు. నేను మత్తు డాక్టరుని. రోగిని నిద్రపుచ్చి, నేను మేలుకుని కూర్చోవడం నా ఉద్యోగం కనక, ఆ గురుశిష్యుల మాటలన్నీ నా చెవిన పడుతూనే ఉంటాయి.

పరాంకుశం గారికి ఒక అలవాటు. ప్రశ్నకు జవాబు చెప్పరు. అది ఎక్కడ పుట్టిందో అక్కడికి నడిపించుకుపోతారు. మొదట్లో మాకందరికీ ఇది ఒళ్లుమంటగానే ఉండేది.

“ఈ ప్రశ్న ఏ మంచం దగ్గర పుట్టిందమ్మా?” అన్నారు, బిస్కట్టు జారిపోకుండా పైకి తీస్తూ.

“పదకొండో మంచం సార్. మసేనమ్మ.”

“అయితే పద.”

మసేనమ్మ ఎవరో చెప్పాలి. రేవులో పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కొనుక్కుని, గంపతో వీధులన్నీ తిరిగి అమ్మే మనిషి. యాభై ఏళ్లుంటాయి. ఆమె కేక మూడు వీధుల అవతలికి వినపడేదని, అది విన్నాకే తమ కాలనీలో ఆడవాళ్లు మసాలా నూరడం మొదలుపెట్టేవారని మా నర్సు ఒకావిడ చెప్పింది. ముక్కు మీద కాన్సర్ పుండు లేచింది. దాన్ని తీసేసినప్పుడు ముక్కు కుడి సగం దానితోనే పోయింది. ప్రాణం నిలబడింది గాని గంప మూలపడింది. మొహానికి కొంగు చుట్టుకుని కేక వేస్తే మాట బయటికి రాదు, కొంగు తీస్తే కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారు. ముక్కు కట్టించుకుని మళ్లీ వీధుల్లోకి వెళ్లాలని ఆమె మా దగ్గరకు వచ్చింది.

ఆమెకున్న దారులు మూడు. మొదటిది, నుదుటి మీది చర్మాన్ని ఒక పట్టీలా లేపి, కాడ తెంచకుండా కిందికి మడిచి ముక్కుగా కట్టడం. ఇది ఈ దేశంలో పుట్టిన పద్ధతే. మూడు వారాలు ఆ కాడ కనుబొమల మధ్య నుంచి వేలాడుతూ ఉంటుంది. కొత్త ముక్కుకు సొంతంగా రక్తం అందాక, కాడను కోసి తీసేస్తారు. రెండోది, వేరే చోటి నుంచి పల్చటి చర్మం తెచ్చి అతికించడం. ఒక్కరోజు పని గాని, ఆ చోటు గుంట పడి మెరుస్తూ ఉంటుంది. మూడోది, రబ్బరులాంటి పదార్థంతో ముక్కు చేయించి, రోజూ పొద్దున అంటించుకుని సాయంత్రం తీసి పెట్టుకోవడం.

కౌముదికి మొదటిది తప్ప వేరే దారి కంటికి ఆనలేదు. ఆమెను తప్పు పట్టడానికీ లేదు. ఆ మూడింటిలో అది రాణి. పైగా పిల్ల చేతిలో అసలైన పనితనం ఉంది. కుట్టు దారం చుట్టి వచ్చే వెండిరేకును కత్తిరించి మసేనమ్మ ముక్కుకు కొలత చేసింది. దాన్ని తిరగేసి నుదుటి మీద పెట్టింది. చర్మాన్ని నడిమధ్య నుంచి తీస్తే మిగిలే మచ్చ నిలువుగా ఒక్క సన్నని గీతలా ఉంటుంది, కుంకుమ పెడితే సగం దాని కిందే కలిసిపోతుంది. అందమైన ఆలోచన. మాకందరికీ నచ్చింది.

ఆ ప్రశ్న అడిగిన రోజు పొద్దున కౌముది దూదికి స్పిరిట్ అద్ది మసేనమ్మ నుదుటి కుంకుమ తుడిచింది. కింద ఒక పచ్చబొట్టు బయటపడింది. కనుబొమలకు కాస్త పైన ఒక చిన్న నిలువు గీత, దాని కింద చుక్క. పాతది, అంచులు చెదిరి నీలంగా మారిపోయింది.

కౌముది సంబరపడి, నుదుటి మీద కోత గీతలు గీస్తూ జూనియర్లతో అంది: “చూశారా, ఇది సరిగ్గా కాడలోకి వస్తుంది. మూడు వారాల తర్వాత కాడ తీసేసినప్పుడు ఈ మచ్చ కూడా పోతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.”

మసేనమ్మ అప్పటిదాకా అన్నిటికీ తలూపుతున్న మనిషి. ఆ మాట విని కళ్లు మూసుకుంది. కాసేపటికి లేచి కూర్చుని, “నాకొద్దు డాక్టరమ్మా. ఇంటికంపే సీటీ రాసీయండి, నానెలిపోతాను” అంది. ఎందుకని అడిగితే చెప్పదు. కౌముది ఫొటోలు చూపించింది, బతిమాలింది, గంటసేపు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించింది. మసేనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అదిగో, అక్కడ పుట్టింది ఆ ప్రశ్న.

మేం వెళ్లేసరికి ఆమె చీరలు మూట కడుతోంది. మొహానికి కొంగు చుట్టే ఉంది. పరాంకుశం గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. వద్దన్నావేమని అడగలేదు.

“ఎల్లిపోతావా మసేనమ్మా?”

“ఎలిపోతాను బావూ. సగం ముక్కుతో బతకలేనేటి?”

“బతుకుతావు. నీలాంటిది దేనితోనైనా బతుకుతుంది. వెళ్లేముందు నాకో సాయం చేసిపెట్టు.” ఆయన చెయ్యి వెనక్కి చాచారు. “కౌముదీ, నీ పెన్ను ఇలా ఇయ్యి.”

కోత పెట్టబోయే చోట చర్మం మీద గీతలు గీయడానికి మా సర్జన్లు ఒక ఊదారంగు పెన్ను వాడతారు. కౌముది ఆ పెన్ను ఎవరికీ ఇవ్వదు. మూత కూడా తనే పెట్టుకుంటుంది. గురువు అడిగారు గనక ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని మసేనమ్మ చేతిలో పెట్టారు. రెండో చేతికి అద్దం ఇచ్చారు.

“మేం ముట్టుకోకూడని చోటు ఏదైనా నీ మొహం మీద ఉంటే, దాని చుట్టూ గీసి చూపించు.”

“నాకు రాత రాదు బావూ.”

“రాత అక్కర్లేదు. సున్నా చుట్టు.”

వార్డంతా చూస్తోంది. ఆమె కొంగు విప్పింది. అద్దాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది. చేప పొలుసు గీకే చేత్తో పచ్చబొట్టు చుట్టూ మెల్లగా ఊదారంగు సున్నా చుట్టి, పెన్ను మూత పెట్టి, దుప్పటి మీద ఉంచింది.

అప్పుడు చెప్పింది, కౌముది మొహంలోకి చూస్తూ.

“మాయమ్మ ఏయించినాది తల్లీ. నాకు ఆరేళ్లప్పుడు. తన నుదుటున ఉన్నాదే నాకూ ఏయించినాది. నేను ఏడిస్తే, ‘నోర్ముయ్యే, నగలన్నీ ఈడనే ఒదిలీయాల, ఇదొక్కటే ఎంబడొస్తాది’ అన్నాది. పోయి పాతికేళ్లయింది. ఇప్పుడు ఇదీ లేక, కొత్త ముక్కెట్టుకుని నేనాడికెల్తే మాయమ్మ నన్నెలా గురుతుపట్టాల?”

కౌముది మంచం అంచున కూలబడింది. డాక్టర్లు రోగుల మంచం మీద కూర్చోకూడదని రోజూ జూనియర్లను కసిరే పిల్ల. “పొద్దున నేను దాన్ని మచ్చ అన్నాను” అంది. నా కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

“మీకేటి తెలుస్తాది తల్లీ, నున్నటి నుదురు మీది” అంది మసేనమ్మ. ఓదార్చవలసింది ఎవరో, ఓదార్చింది ఎవరో!

పరాంకుశం గారు లేచి స్టూలును శిష్యురాలి వైపు జరిపారు. కౌముది కళ్లు తుడుచుకుని జేబులోంచి వెండిరేకు తీసింది. సున్నా మీద పడకుండా కొంచెం ఎడమకు జరిపింది. తిప్పింది. మళ్లీ జరిపింది. రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న యంత్రాన్ని ఎడమ కనుబొమ మొదట్లో ఆనించి చాలాసేపు చెవి ఒగ్గి వింది. పొద్దున గీసిన గీతలన్నీ తనే తుడిచేసింది.

“నాలుగో దారి ఉంది సార్. పక్క నుంచి తీయొచ్చు. రక్తనాళం బలంగానే ఉంది.”

“నాతో చెబుతావేం?” అన్నారు ఆయన.

కౌముది మసేనమ్మ వైపు తిరిగింది. ఈసారి ఫొటోలు తియ్యలేదు. “అమ్మా, ముక్కు నుదుటి చర్మంతోనే కడతాను. కాని పక్క నుంచి తీస్తాను. మచ్చ కూడా పక్కకే పడుతుంది, కుంకుమతో కప్పడానికి కుదరదు, అందరికీ కనపడుతుంది. కుట్లు బిగించినప్పుడు చర్మం లాగి, నీ పచ్చబొట్టు కొద్దిగా జరగొచ్చు. పోదు. జరుగుతుంది. ఇది చెప్పకుండా చెయ్యను.”

మసేనమ్మ అద్దంలో చూసుకుంది.

“జరిగితే జరగనీండి. మాయమ్మ ఆపాటి ఎతుక్కోలేదా!”

అని మూట విప్పడం మొదలుపెట్టింది.

ఆపరేషను కౌముదే చేసింది. పరాంకుశం గారు ఎదురుగా నిలబడి దారాలు కత్తిరించారు, అంతే. నేను మత్తిచ్చాను. ఊదారంగు సున్నా ఆఖరిదాకా చెరగలేదు, కత్తి దాని దరిదాపులకు పోలేదు. తర్వాత మూడు వారాలు ముక్కు మీదికి కాడ వేలాడుతుంటే పక్క మంచాలవాళ్లు ఆమెను “వినాయకమ్మా” అని పిలిచారు. ఆమె “అయితే ఉండ్రాళ్లు తెండర్రా” అని వాళ్లను దబాయించింది. గొంతు తిరిగి వచ్చిందని మా నర్సు మురిసిపోయింది.

కాడ తీసి కట్టు విప్పిన రోజు కౌముది అద్దం పట్టుకుంది. ముక్కు ఇంకా కొంచెం ఉబ్బుగా ఉంది గాని, అది ముక్కే. ఎవరు చూసినా ముక్కే అంటారు. మసేనమ్మ ముందు దాన్ని చూడలేదు. అద్దాన్ని పైకెత్తి, వేలితో నుదుటి గీతనూ చుక్కనూ తడుముకుంది. అవి గోరంత పక్కకు జరిగాయి. తర్వాత ముక్కు చూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చి, కిటికీ వైపు తిరిగి, “చేపలోయ్, చేపలూ!” అని కేక వేసింది. రెండో అంతస్తు నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు.

ఆమెను పంపించి తిరిగి వస్తుంటే వరండాలో కౌముది గురువుగారిని ఆపింది.

“సార్, ఆ రోజు నేనడిగిన దానికి మీరింకా జవాబు చెప్పలేదు.”

పరాంకుశం గారు ఆమె తెల్లకోటు జేబు వైపు చూశారు.

“పెన్ను ఒకటే పెట్టుకుంటావేమ్మా? ఇంకోటి కూడా ఉంచుకో.”