పేరంటాలమ్మ కోట చూడబోయింది

కాళ్ళు ముడుచుకుని పడుకో బుజ్జీ. దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ వినాలి, లేకపోతే సగంలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగా అనగా నేరేడుపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరంటాలమ్మని ఒకావిడ ఉండేది. మంచిదే పాపం, పులిహోర కలిపిందంటే వీధంతా ఘుమఘుమలాడేది. కానీ ఒళ్ళంతా అనుమానమే. పాలవాడొస్తే చెంబులో ముందే నీళ్ళున్నాయేమోనని బోర్లించి చూసేది. పక్కింటావిడ కూర పెడితే, ఇవాళ ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందా అని పొద్దుగూకేదాకా ఆలోచించేది. తలుపుకి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసేది.

ఆవిడకో మనవరాలు, నూకరత్నం. ఆ పిల్లంటే పేరంటాలమ్మకి పంచప్రాణాలూనూ. ఆ పిల్లకేమో రత్నాలదుర్గం పట్నంలో కోట ఎక్కాలని కోరిక. పైనుంచి చూస్తే ఏరూ, పట్నమూ బొమ్మల కొలువులా కనిపిస్తాయని బళ్ళో ఎవరో చెప్పారట. "మామ్మా, కోట! మామ్మా, కోట!" అని కొంగు పట్టుకుని ఒకటే గోల.

సరే, ఒకరోజు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. కోడలు వాకిట్లో నిలబడి, "అత్తయ్యా, పిల్ల జాగ్రత్త. మీ చేతుల్లో పెడుతున్నాను" అంది.

"జాగ్రత్తా? నాకా చెప్తున్నావు?" అని పేరంటాలమ్మ మూతి తిప్పింది.

బస్సెక్కారు. అప్పుడు వెనక సీట్లో ఒకాయన కనిపించాడు. మెళ్ళో ఆకుపచ్చ తువ్వాలు, పక్కన ఒక ముసలావిడ. ఆయన పేరంటాలమ్మ వంక ఒకసారి చూసి, చటుక్కున చూపు తిప్పేసుకున్నాడు. అంతే! ఇంక చూడు. "చూసినవాడు చూడొచ్చుగా, తిప్పుకోవడమెందుకు? ఇందులో ఏదో ఉంది" అనుకుంది.

పట్నంలో దిగి మొదట రాతిగుడికి వెళ్ళారు. గుడి గోడల చుట్టూ ఏనుగుల వరస, ఏ ఏనుగుకీ ఇంకో ఏనుగుతో పోలిక లేదు. చెప్పులు బయటే విప్పాలి. పేరంటాలమ్మ ఏం చేసిందో తెలుసా? ఒక చెప్పు మందారచెట్టు కింద పెట్టింది, రెండోది గోడవారన పెట్టింది. పిల్ల చెప్పులూ అంతే, ఒకటి అటూ ఒకటి ఇటూ.

"ఎందుకు మామ్మా?" అంది నూకరత్నం.

"ఉన్నదంతా ఒక్కచోట పెడితే దొంగకి ఒక్క చెయ్యి చాలే పిచ్చిదానా. విడదీసి పెట్టామనుకో, ఏ చెప్పు ఎక్కడుందో వెతుక్కుని చావాలి" అంది.

చెప్పుల మాటకొస్తే, మీ తాతయ్యా ఇలాగే పెట్టేవాడులే. అయినా ఆయన దేవుణ్ణి చూసేవాడు. ఈవిడ చూస్తేగా! మెడ వెనక్కి తిప్పుకుని చెప్పుల కేసే చూస్తూ ప్రదక్షిణ చేసింది. అప్పుడు ఆకుపచ్చ తువ్వాలాయన లోపలికొచ్చాడు. మందారచెట్టు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, సంచీ చంకలోకి లాక్కున్నాడు. పేరంటాలమ్మ ప్రదక్షిణ సగంలోనే ఆపేసింది. "చెట్టు కింద చెప్పు కనిపెట్టేశాడు! పద పద" అని పిల్లని లాక్కుపోయింది. తను ఒక్క ఏనుగునైనా చూడలేదు.

ఆ తర్వాత రాణీగారి మేడకి వెళ్ళారు. అందులో రాణీగారి ఉయ్యాల, కత్తులు, పల్లకీ అన్నీ అద్దాల వెనక పెట్టారు. అన్నం మూటలు లోపలికి తేకూడదు, గుమ్మం దగ్గర ఇచ్చి పొమ్మన్నారు. అమ్మో, ఇస్తుందా? పెరుగన్నం మూట ఒకటి ఇచ్చింది. పులిహోర మూట మాత్రం ఎవరూ చూడకుండా మెట్ల కింద దూరి దాచేసింది. పైకి లేచేసరికి ఎదురుగా ఎవరు? ఆకుపచ్చ తువ్వాలు! కళ్ళింతలు చేసుకుని చూస్తున్నాడు.

పిల్ల ఉయ్యాల చూస్తుంటే, ఈవిడ కిటికీలోంచి మెట్ల వంకే చూసింది. తిరిగొచ్చేసరికి ఏముంది? గుమ్మం దగ్గరిచ్చిన పెరుగన్నం భద్రంగా ఉంది. దాచిన పులిహోర కోతులు శుభ్రంగా తినేసి, గుడ్డ మాత్రం వదిలేశాయి. "ఆ కోతుల్ని కూడా వాడే తోలుంటాడు!" అంది పేరంటాలమ్మ. నవ్వకు, నిజంగానే అంది.

ఆ తర్వాత కోటకి వెళ్ళారు. గుమ్మం దగ్గర ఒకాయన నవ్వుతూ, "రండమ్మా, కోటంతా చూపిస్తాను" అన్నాడు. "నీకెందుకయ్యా అంత శ్రద్ధ?" అని ఆయన్నీ వెళ్ళగొట్టింది. అప్పుడు వెనక్కి తిరిగితే మళ్ళీ అదే తువ్వాలు! పట్నం చూడొచ్చిన వాళ్ళంతా ఆ గుడికీ, ఆ మేడకీ, ఆ కోటకీ వస్తారని ఆవిడకి తడితేగా!

"వీడు పిల్లకోసమే వస్తున్నాడు. ఇద్దరం ఒక్కచోట ఉండకూడదు" అనుకుంది. చెప్పుల్లాగే, మూటల్లాగే, ఇప్పుడు పిల్లని కూడా! పాత ఫిరంగులున్న ఒక చీకటి గదిలో నూకరత్నాన్ని కూచోబెట్టింది. "కదలకు. ఎవరు పిలిచినా పలకకు. నా గొంతుతో పిలిచినా సరే పలకకు, ఎవడైనా నాలాగా పిలుస్తాడు" అని చెప్పి, తను వెళ్ళి గోడచాటున నిలబడి ఆ మనిషి కోసం కాపు కాసింది.

ఎంతసేపు చూసినా అతను రాలేదు. అనుమానమొచ్చి గదిలోకి పరుగెత్తింది. గది ఖాళీ.

"నూకరత్నం!" అని పిలిచింది. పలుకు లేదు. "అమ్మలూ! నేనే, మీ మామ్మనే!" అని అరిచింది. రాళ్ళే మారుపలికాయి. పేరంటాలమ్మ గదిలోంచి బయటికి పరుగెత్తింది. కోడలికి ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? అప్పుడే ఆకుపచ్చ తువ్వాలాయన ఎదురొచ్చాడు. వెళ్ళి తువ్వాలు పట్టుకుంది.

"ఏవయ్యా! నా మనవరాలేదీ? పొద్దుట్నించీ నా వెంటపడుతున్నావు!"

"నేను మీ వెంటా? మీరేనండీ బస్సు కాణ్ణించీ నా వెనకాలే ఉన్నారు! గుడి దగ్గర చెట్ల కింద ఏదో దాచారు, మేడ దగ్గర మెట్ల కింద దూరారు. దొంగలు కాకపోతే అవేం పనులండీ? మా అమ్మనేం చేశారో చెప్పండి ముందు!"

ఆయన పేరు భీమరాజట. ఈవిడ దొంగేమోనని భయపడి, తన ముసలితల్లి మంగతాయమ్మని ఒకచోట దాచిపెట్టి, తనేమో కాపు కాశాడట, తిరిగొచ్చి చూస్తే ఆవిడా లేదట! ఎక్కడ దాచాడనుకున్నావు? ఆ ఫిరంగుల గదిలోనే, అవతలి మూల.

తువ్వాలు వదిలేసి పేరంటాలమ్మ మెట్ల మీద కూలబడిపోయింది. "ఊరందరి మీదా అనుమానపడ్డాను. నా తెలివి మీద నాకు ఒక్కసారైనా అనుమానం రాలేదే! చేతిలో ఉన్న పిల్లని నేనే వదిలేశాను కదయ్యా" అని భోరుమని ఏడ్చింది. భీమరాజూ పక్కనే కూచుని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు పైనుంచి కిలకిలా నవ్వు వినిపించింది. తలెత్తి చూస్తే కోట చిట్టచివర బురుజు మీద మంగతాయమ్మ, నూకరత్నం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు!

మోకాళ్ళ నొప్పులన్నీ మర్చిపోయి పేరంటాలమ్మ పైకి పరుగెత్తింది. పిల్లని గట్టిగా వాటేసుకుంది. "అంతలా పిలిచానే, పలకవేమే?" అంది ఏడుస్తూ.

"నువ్వే కదా మామ్మా, నీ గొంతుతో పిలిచినా పలకొద్దన్నావు!" అంది నూకరత్నం.

మంగతాయమ్మ నవ్వింది. "చీకట్లో ఈ పిల్లా నేనూ ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డామమ్మా. మా వాడూ నీలాంటివాడే. కోటకొచ్చి కోట చూడకుండా మూల కూచోమంటే ఎలా? ఇద్దరం కలిసి ఎక్కేశాం" అంది.

పేరంటాలమ్మ పిల్ల మొహమే చూస్తోంది, ఏటి వంక కాదు. ఇంతలో కాపలాదారు ఈల వేసి, "వేళయింది, దిగండి దిగండి" అన్నాడు.

తిరుగు బస్సులో అందరూ దగ్గరదగ్గరగా కూచున్నారు. నూకరత్నం రాతి ఏనుగుల గురించి, రాణీగారి ఉయ్యాల గురించి, ఏట్లో పడవల గురించి చెప్పి చెప్పి, మంగతాయమ్మ ఒళ్ళోనే నిద్దరపోయింది. పిల్లని తీసుకుందామని పేరంటాలమ్మ చెయ్యి చాపింది. ఆ తర్వాత ఏమనుకుందో ఏమో, చెయ్యి వెనక్కి తీసుకుని, పిల్ల మొహం మీద పడిన జుట్టు మాత్రం సర్దింది.

అప్పుడు తీరిగ్గా కిటికీలోంచి బయటికి చూసింది. సాయంకాలపు ఎండలో కొండ మీద కోట ఎర్రగా మెరుస్తూ వెనక్కి వెనక్కి పోతోంది.

"అబ్బ! ఎంత పెద్ద కోటో!" అంది పేరంటాలమ్మ.

"అవునండీ" అన్నాడు భీమరాజు మెడ చాచి. "నేనూ ఇప్పుడే చూస్తున్నాను."

కోట మెట్లు దిగి కథ కంచికి పోయె,
బస్సు దిగి పేరంటాలు ఇంటికి పోయె,
ఊఁ కొట్టే మా బుజ్జి నిద్దట్లోకి పోయె.