ఓదెమ్మ ముట్టని కుప్ప

ఇప్పలగుట్ట మీద అందరి ఒప్పుదల కావాలంటే నోటితో అడిగే అలవాటు లేదు. ఇప్పపూలు రాలే కాలంలో, ఒక్కొక్కరి పేరున ఒక్కో పూలకుప్ప పోస్తారు. తింటే ఒప్పుకున్నట్టు. ఇష్టం లేనివాళ్ళు తమ ఒంటి ఈకో వెంట్రుకో కుప్పలో గుచ్చి వెళ్ళిపోతారు. ఆ కుప్ప అలా ఉన్నంతకాలం పని ఆగాల్సిందే. ఒకరి కుప్ప ఇంకొకరు తింటే మాత్రం, ఎదుటివాళ్ళను ఏం చెయ్యమన్నాడో అది ముందు తానే చేసి చూపాలి. ఆకలి కాలంలో పుట్టిన కట్టుబాటు కాబట్టి కాస్త కఠినంగానే ఉంటుంది.

ఆ ఏడాది కుప్పలు పోసింది నక్క. గుట్ట కింద బొగ్గుందనీ, కంపెనీవాళ్ళు పైనుంచి తవ్వేస్తారనీ, గుట్ట మీదివాళ్ళంతా ఒప్పుకుంటేనే యంత్రాలు దిగుతాయనీ చెప్పాడు. అందరికీ ఏటి అవతల చోటు. ఒప్పించినందుకు తనకు కంపెనీ క్వార్టర్ల వెనక కోళ్ళగూడు. ఈ చివరి మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అందరూ తిన్నారు. ముళ్ళపంది ఓదెమ్మ తినలేదు. ముళ్ళపంది పేరులో పంది ఉందన్న మాటే గానీ చదువుకున్నవాళ్ళు దాన్ని ఎలుకల పక్కన చేర్చారు. పందులు ఎలాగూ చేర్చుకోలేదు. ఓదెమ్మకు అది కొత్త కాదు. ఆమె తూర్పు గుట్టలో పుట్టింది. ఇప్పుడక్కడ గుట్ట లేదు, గొయ్యి ఉంది. అయినవాళ్ళు తలో దిక్కూ చెదిరిపోతే, ఒంటరిగా ఇక్కడికొచ్చి బొరియ తవ్వుకుంది. ఇన్నేళ్ళయినా గుట్టవాళ్ళకు ఆమె బయటినుంచి వచ్చినదే.

"ఏందవ్వా ఈ పంతం?" అన్నాడు నక్క. "ఏటి అవతల చెలమ ఉంది, నీడ ఉంది. ఇంతకన్నా మంచి చోటు నీకెవరిస్తరు?"

"తవ్విన మట్టి ఎక్కడ పోస్తరు బిడ్డా?"

"వాళ్ళు తవ్వేది బొగ్గవ్వా."

"మట్టి తియ్యకుండా బొగ్గెట్ల వస్తది? మా బొరియల దాకా యంత్రం రానేలేదు, అంతకుముందే యంత్రం తీసిన మట్టి వచ్చి మూసింది."

పక్క పొదలో కుందేలు నవ్వాడు. "అవ్వకు గుట్ట పోయినా మట్టి బెంగ పోలేదు."

ఓదెమ్మ తన ముల్లొకటి కుప్పలో గుచ్చి బొరియలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఒక్క ముసలిదాని మొండితనం వల్ల అందరి మంచి చోటూ ఆగిపోయిందని గుసగుసలు. పొద్దున్నే "లేచినవా అవ్వా" అనే కుందేలు కూడా చెవులు వెనక్కి పడేసి చుట్టు తిరిగి పోతున్నాడు. పలకరింపు ఉన్నన్నాళ్ళు దాని విలువ తెలియదు. ఓదెమ్మ సాయంత్రం బయటికొచ్చి ముళ్ళు ఒకసారి గలగలలాడించేది. ఎవరైనా "ఏమైంది" అంటారేమోనని. ఎవరూ అనేవారు కాదు.

నక్కకు ఓపిక తక్కువ. మిట్టమధ్యాహ్నం, అంతా నీడల్లో కునుకుతున్నప్పుడు, నిలబెట్టిన ముల్లు పీకి పారేసి ఓదెమ్మ కుప్ప గబగబా మింగేశాడు. ముళ్ళపంది నిలబడ్డచోట చిన్న ముళ్ళు కూడా రాలుతుంటాయన్న సంగతి తొందరలో తోచలేదు.

పొద్దు వాలాక అందరూ చేరారు. గుట్టకు పెద్దదిక్కు అడవిపంది.

"అవ్వ మనసు మార్చుకుంది," అన్నాడు నక్క. "తింటుంటే కళ్ళారా చూసిన."

"నీ మూతి ఏమైందిరా?" అన్నాడు అడవిపంది.

"తేనెటీగ కుట్టింది."

వెనకనుంచి ఓదెమ్మ మెల్లగా అంది: "ఆ తేనెటీగకు నల్లచారలూ తెల్లచారలూ ఉన్నట్టున్నయి. పళ్ళ సందున కనబడుతున్నది."

అడవిపంది నోరు తెరిపించాడు. చారల ముల్లు పంటి చిగురులో నిలువునా దిగి ఉంది. అడవిపంది ఓదెమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, నీ కుప్ప తిన్నడు. కట్టుబాటు నువ్వే చెప్పు."

"కొత్తగా చెప్పేదేముంది? మంచి చోటంటున్నడు గద. ముందు తనే పోయి బొరియ తవ్వుకొని ఒక వానాకాలం ఉండమను. తర్వాత మనం పోదాం."

"నేనా?" నక్క కాళ్ళు వెనక్కి పడ్డాయి. "వానాకాలంలో అక్కడెట్లుంటరు? ఆ మట్టంతా పోసేది అక్కడే గద..."

అని నాలుక కరుచుకున్నాడు. ముల్లున్న వైపే కరుచుకున్నాడు పాపం.

అదే సాయంత్రం వాణ్ణి గుట్ట దింపేశారు. ఒప్పుదల లేకుండా వచ్చినవాడికి కోళ్ళగూడు ఎవరిస్తారు? క్వార్టర్ల కుక్కలు తరిమాయట. ఆ ఏడాది యంత్రాలు ఏటి దగ్గరే ఆగాయి.

ఓదెమ్మ దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. కోపంతో ఒంటరిని చేసినవాళ్ళకు సిగ్గుతో తిరిగి రావడం ఇంకా కష్టం. ఆమె బొరియ ముందు కూర్చుని తూర్పు వైపు చెవి పెట్టింది. దూరాన గొయ్యిలో ఏదో దభాలుమంది. ముళ్ళు గలగలలాడించబోయి, ఎందుకులే అని లోపలికి పోయింది.

తెల్లారి చూస్తే బొరియ వాకిట చిన్న ఇప్పపూల కుప్ప. దాని నడుమ, ఇప్పుడు తనూ ఒప్పుకోనన్నట్టు గుచ్చి ఉంది, కుందేలు తోక వెంట్రుకల కుచ్చు. అది అలా ఉన్నంతకాలం పని ఆగాల్సిందే. ఓదెమ్మ ఆ కుప్పను కూడా ముట్టలేదు.

నీతి: మంచి చోటు చూపించేవాణ్ణి ముందు అక్కడ కాపురం పెట్టమనాలి.