పేరు పిలవని ఇల్లు

"జలప్రళయంలో నోవహు కుటుంబం తప్ప తక్కినవాళ్లంతా మునగడం న్యాయమే కదా అయ్యగారూ?" అని తీతు అడిగాడు. జవాబు ముందే కడుపులో పెట్టుకుని అడిగే ప్రశ్నకు బదులు పలికే అలవాటు గుడిలో వాక్యం చెప్పే జెకర్యా ఉపదేశికి లేదు. ఆయన పడవ ముందువైపు కూర్చుని నీళ్లకేసి చూస్తున్నారు.

తీతు వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. లంక ఊరు చూరుదాకా మునిగింది. తన రొయ్యల చెరువులో వాననీరు పొంగుతోందని సూరిబాబు ఎవరికీ చెప్పకుండా ఏటిగట్టు తవ్వాడు. చెరువు నీరు బయటికి పోలేదు, ఏరే ఊళ్లోకి వచ్చింది. మంచంతో సహా కొట్టుకుపోయిన తీతు తల్లి ఆ ఉదయమే తుమ్మకంపల్లో శవమై దొరికింది.

వరద పడవకు ఆ లంకలో ఒక కట్టుబాటుంది. గెడ పట్టినవాడు ప్రతి ఇంటి దగ్గరా ఆగి ఇంటివాడి పేరు పిలవాలి. పిలిచాక ఆ మనిషిని వదిలి రాకూడదు. పొద్దుటినుంచి పిలిచి పిలిచి తీతు గొంతు బొంగురుపోయింది. సూరిబాబు పెంకుటింటి దగ్గర మాత్రం పెదవి విప్పకుండా గెడ బలంగా తోశాడు.

కప్పు మీద సూరిబాబు లేచి నిలబడ్డాడు. "తిట్టయినా తిట్టిపోరా తీతూ" అన్నాడు.

"గట్టు తవ్విన పార ఉందిగా. దాని మీదెక్కి రా."

జెకర్యాగారు లేచారు. పడవ ఊగింది. అంత కోపం తీతు ఆయన ముఖంలో ఎన్నడూ చూడలేదు, తన మీదే అనుకున్నాడు. ఆ కోపం ముందు కప్పు మీదికే వెళ్లింది. చచ్చినవాళ్ల ఇల్లిల్లూ తిరిగి చేసింది నీ నోటితోనే చెప్పాలి, ఆ చేతులతోనే గట్టు పూడ్చాలి అని సూరిబాబుకు కరాఖండీగా చెప్పారు. తర్వాత తీతువైపు తిరిగి, పేరు పిలవమన్నారు.

"మా అమ్మను ఎవరు పిలిచారయ్యగారూ?"

ఆయన కప్పుకేసి చెయ్యి చూపించారు. చూరు దగ్గర గోడ విరిగి, పెంకులు వరసగా నీళ్లలోకి జారాయి. తీతు ఆ పేరును ఉమ్మినట్టు పిలిచాడు. సూరిబాబు పడవలోకి దిగి, ఓ మూల ముడుచుకు కూర్చున్నాడు. 

పడవ మెరక మీది గుడి మెట్ల దగ్గర ఆగింది. సూరిబాబు దిగిపోయాక తీతు గెడను పడవలోకి విసిరేశాడు. ఇంకెవరూ ఎక్కకుండా నోవహు ఓడ తలుపు మూసింది దేవుడే కదా, తను చేయబోయింది అంతకన్నా పాపమా అని నిలదీశాడు.

జెకర్యాగారు వంగి గెడ తీసి అతని చేతికిచ్చారు. ఇంకా పిలవాల్సిన ఇళ్లు నాలుగున్నాయి.

"మూసింది దేవుడే. గడియ నోవహు చేతికి ఇవ్వలేదు" అన్నారు.