తపాలా బిళ్ళంత తమ్ముడు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా, నాకు మిగిలిన మూడు పళ్ళూ ఈ పూటే రాలిపోవాలి.

చీరాలలో సుభానీ మాస్టారని ఒకాయన ఉండేవారు. మరీ చిన్న, మసకబారిన ఫొటోలు తెస్తే కంప్యూటర్లో వేసి, లెక్కలు కట్టి, పెద్దవి చేసి తేటపరిచేవారు. ఆవగింజంత మొహం ఆయన చేతికిస్తే, గోడంతై లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగేది.

ఆయన శిష్యుడు పరాంకుశం పదకొండేళ్ళుగా ఆ విద్య నేర్చుకుంటున్నాడు. ఏడు నెలల కిందట చేరిన కెజియాని చూస్తే అతనికి ఒళ్ళు మంట. ఆ పిల్ల వేడి టీ తాగితే ఇతని నాలుక కాలేది. ఎందుకంటారా? ఆమె చేసిన ఫొటోలు చూసి జనం ఏడ్చేవారు. ఇతను చేసినవి చూసి "బావుందండీ" అనేవారు.

ఆదెమ్మ అనే ముసలావిడ, పోయిన తమ్ముడి ఫొటో తెచ్చి ఇచ్చింది. ఉన్నదదొక్కటే, తపాలా బిళ్ళంత. ఇద్దరు శిష్యులూ విడివిడిగా దాన్ని పెద్దది చేశారు. పరాంకుశం చేసినదాంట్లో కనురెప్పల వెంట్రుకలు సైతం లెక్కపెట్టొచ్చు.

వారం తర్వాత ఆవిడ వచ్చి, ముందు పరాంకుశం చేసినది చూసింది.

"ఈ అందగాడెవరు నాయనా?"

కెజియా చేసినదాన్ని మాత్రం గుండెకి హత్తుకుని, "ఒరే చిట్టోడా!" అని వీధి వీధంతా తడిసేలా ఏడ్చి, పట్టుకుపోయింది.

పరాంకుశం సంచీ సర్దేశాడు.

"ఆ పిల్లకి చెప్పిన కిటుకేదో నాకు దాచారు మాస్టారూ. అదన్నా చెప్పండి, లేకపోతే నేను పోతాను."

మాస్టారు కంప్యూటర్లో ఉన్న ఆ రెండు బొమ్మల్నీ మళ్ళీ తపాలా బిళ్ళంతకి కుదించి, పక్కపక్కన పెట్టారు.

"నీదేదిరా?"

పరాంకుశం వంగి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ముక్కు తెరకి ఆనేదాకా చూశాడు. అదే మసక, అవే చుక్కలు. పక్కన ఆదెమ్మ తెచ్చిన అసలు ఫొటో పెట్టినా అంతే.

"పోల్చలేకపోతున్నానండీ. రెండూ అసలుదానికి సరిపోయాయి. మరి ఆ తమ్ముడు ఈ పిల్లకే ఎలా దొరికాడు?"

మాస్టారు కెజియా వైపు తిరిగారు. "మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?"

"ఆదెమ్మగారింట్లోనండీ. చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. నవ్వితే ఆ చిట్టోడికి ఎడమ కన్ను మూసుకుపోయేదట. చిన్నప్పుడు తాటికాయ తగిలి ముందుపన్ను కూడా విరిగిందట. ఆవిడ చెబుతూ చెబుతూ ఒకటే నవ్వు."

పరాంకుశం సంచీ ముడి విప్పాడు, మళ్ళీ వేశాడు. పదకొండేళ్ళలో ఫొటో తెచ్చినవాళ్ళని అతను 'కూర్చోండి' అన్నది కూడా లేదు.

మాస్టారు సొరుగులోంచి ఒక కవరు తీసి అతని చేతిలో పెట్టారు. అందులో ఇంకో బిళ్ళంత ఫొటో, వెనక చిరునామా.

"పేరాల వెళ్ళు. ఈ ఫొటోలో ఉన్న పిల్లాడి అమ్మ ఉంటుంది. అన్నం పెడితే వద్దనకు."